దెబ్బకు బాధ్యులెవరు? హార్నెస్ రేసుల్లో కొరడా నియమాల అమలు

గుర్రాన్ని ఇష్టం వచ్చినట్టు కొట్టకూడదని చెప్పే నియమాలకు రేసుల లోకంలో కొదవ లేదు. హార్నెస్ రేసింగ్ జరిగే దేశాలన్నిటా ఏదో ఒక రూపంలో అవి ఉన్నాయి. ఎప్పటికప్పుడు సవరిస్తున్నారు, జరిమానాలు వేస్తున్నారు, డ్రైవర్లను వారాల తరబడి పక్కన కూర్చోబెడుతున్నారు. అయినా ప్రతి పెద్ద రేసు తర్వాతా అదే గొడవ లేస్తుంది. డ్రైవర్ హద్దు మీరాడని జంతు సంక్షేమ సంఘాలంటాయి, గెలవడానికి అన్ని ప్రయత్నాలూ చేయడం తన విధి అని డ్రైవరంటాడు, శిక్ష వేశాం కదా అని నిర్వాహకులంటారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. కొరడా మంచిదా చెడ్డదా అన్న వాదన ఇప్పటికే చాలా సాగింది. అమలు సంగతి మాత్రం ఎప్పుడూ అడుగున పడిపోతోంది. నా ఉద్దేశంలో ఈ నియమాలు విఫలమవుతున్నది అవి మెతకగా ఉన్నందువల్ల కాదు. కంటికి కనపడని దాన్ని కొలవమని, రేసును పర్యవేక్షించి తీర్పు చెప్పే స్టివార్డులకు చెబుతున్నాయి. పైగా తప్పు వల్ల వచ్చిన లాభాన్ని ముట్టుకోకుండా, ఆ తప్పు చేసిన చేతిని మాత్రమే శిక్షిస్తున్నాయి. ఈ రెండూ సరిదిద్దనంత కాలం జరిమానాలు ఎంత పెంచినా ఫలితం పెద్దగా మారదు.

మలక్‌పేట రేసుకోర్సు తెలిసినవారికి కూడా హార్నెస్ రేసింగ్ కొత్తగానే ఉంటుంది, ఎందుకంటే మన దేశపు టర్ఫ్ క్లబ్బుల్లో జరిగేవన్నీ జాకీ గుర్రమెక్కి దౌడు తీయించే పందేలు. హార్నెస్ రేసులో గుర్రం వెనుక సల్కీ అనే రెండు చక్రాల తేలికపాటి బండి ఉంటుంది. డ్రైవర్ అందులో కాళ్లు బారజాపి, గుర్రం తోకకు చాలా దగ్గరగా కూర్చుంటాడు. గుర్రం దౌడు తీయకూడదు. ట్రాటర్ అయితే ఎదురెదురు మూలల కాళ్లను, పేసర్ అయితే ఒకే పక్క కాళ్లను జతగా కదుపుతూ పరుగెత్తాలి. నడక తప్పి దౌడులో పడితే డ్రైవర్ దాన్ని వెనక్కి లాగి మళ్లీ సరైన నడకలోకి తేవాలి, ఈలోగా పోయే స్థానాలు పోతాయి. అమెరికా, కెనడా, ఫ్రాన్స్, స్వీడన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో ఇది పెద్ద వ్యాపారం. న్యూజెర్సీలోని మెడోలాండ్స్‌లో జరిగే హాంబుల్టోనియన్, స్టాక్‌హోమ్ సోల్వాలాలో జరిగే ఎలిట్‌లోపెట్, పారిస్ వాన్సెన్‌లో జరిగే ప్రి దామెరిక్ దీనికి పెద్ద పండగల్లాంటివి. వేగమూ తక్కువేమీ కాదు. 2022 జులైలో బుల్‌డాగ్ హానోవర్ అనే పేసర్ మెడోలాండ్స్‌లో మైలు దూరాన్ని 1 నిమిషం 45.8 సెకన్లలో ముగించింది, అంటే గంటకు సుమారు 55 కిలోమీటర్లు. ఆ వేగంతో వచ్చే గుర్రాలకు చివరి 200 మీటర్లు 13 సెకన్ల పని. కొరడా గొడవంతా దాదాపు ఆ 13 సెకన్లలోనే ఉంటుంది.

అమలులో ఉన్న నియమాలు చూస్తే అవన్నీ ఒకే జాతివి కావు. కొన్ని విశేషణాల మీద నడుస్తాయి, కొన్ని లెక్క మీద, కొన్ని చేతుల భంగిమ మీద. ఆస్ట్రేలియా హార్నెస్ నియమావళిలో వీటిలో రెండు కలిసి కనపడతాయి. డ్రైవర్ ఒక్కో చేతిలో ఒక్కో పగ్గం పట్టుకోవాలి, కొరడా కొన ముందుకు ఉండాలి, మణికట్టు, మోచేయి తప్ప భుజం కదలకూడదు. ఇది భంగిమ. అదే నియమం ఇంకో మాట కూడా అంటుంది. కొరడాను అతిగా, ఎడతెగకుండా, అనవసరంగా వాడకూడదు, గుర్రం స్పందించనప్పుడు వాడకూడదు, స్థానం మెరుగుపడే అవకాశం లేనప్పుడు వాడకూడదు. చదవడానికి మానవీయంగా ఉన్న మాటలే. వీటిని 13 సెకన్లలో పది గుర్రాల మీద అన్వయించాల్సిన స్టివార్డు అవస్థ ఆలోచించండి. ఎన్ని దెబ్బలయితే అతి? గుర్రం స్పందించిందో లేదో ఎవరికి తెలుస్తుంది? అలసిపోయి వేగం తగ్గుతున్న గుర్రం దెబ్బ తిన్నాక ఇంకొంచెం తక్కువ వేగంగా తగ్గితే అది స్పందనేనా? స్థానం మెరుగుపడే అవకాశం ఉందనుకున్నానని డ్రైవర్ అంటే కాదని రుజువు చేయడం ఎలా? విశేషణం ఎక్కువైన కొద్దీ స్టివార్డు ఊహకు పని పెరుగుతుంది, అప్పీలులో లాయరుకు దారి దొరుకుతుంది. ఒకే రకమైన తోలుడుకు ఒక ఊళ్లో హెచ్చరిక, ఇంకో ఊళ్లో సస్పెన్షన్ రావడానికి స్టివార్డుల పక్షపాతమే కారణమనక్కర్లేదు, రాసిన నియమమే అలాంటిది.

విశేషణాలతో విసిగినవారు లెక్క వైపు వెళ్లారు. దీని చరిత్ర హార్నెస్‌లో కంటే బ్రిటన్ దౌడు పందేల్లో స్పష్టంగా కనపడుతుంది కాబట్టి అక్కడికోసారి వెళ్లి రావడం అవసరం. 2011 గ్రాండ్ నేషనల్ జంప్ పందెంలో బల్లాబ్రిగ్స్ అనే గుర్రం గెలిచింది. కొరడా అతిగా వాడినందుకు జాకీ జేసన్ మగ్వైర్‌కు ఐదు రోజుల నిషేధం పడింది. గెలుపు మాత్రం గెలుపుగానే మిగిలింది, యజమాని ప్రైజ్ మనీ యజమానికి వెళ్లింది. జనం నుంచి వచ్చిన నిరసనకు స్పందించి బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీ ఆ అక్టోబరులో లెక్క పెట్టింది: మామూలు పందేల్లో 7, జంప్ పందేల్లో 8, చివరి ఫర్లాంగులో మాత్రం 5 మించకూడదు. వెంటనే పరీక్ష ఎదురైంది. ఆస్కాట్‌లో చాంపియన్ స్టేక్స్‌ను సిర్రస్ డెస్ ఎగిల్స్ అనే గుర్రమెక్కి గెలిచిన జాకీ క్రిస్టోఫ్ సుమియోన్ చివరి ఫర్లాంగులో ఒక్క దెబ్బ ఎక్కువ వేశాడని తేల్చి, అతడి వాటా సొమ్ము ఆపేశారు. ఒక్క దెబ్బ ఫర్లాంగు గుర్తుకు ఇవతల పడిందా అవతల పడిందా అన్న తగవు మీద అంత సొమ్ము ఆధారపడింది. జాకీలు తిరగబడ్డారు, ఆ నెలలోనే చివరి ఫర్లాంగు పరిమితి ఎత్తేశారు. నియమాన్ని అమలు చేసిన మొదటి పెద్ద సందర్భంలోనే నియమం వెనక్కి తగ్గడం యాదృచ్ఛికం కాదు. పెద్ద రేసులో, పెద్ద పేరున్న జాకీ మీద, టీవీ ముందు అమలు చేయలేనిది చిన్న రేసుల్లో అమలైనా దానికి గౌరవం ఉండదు.

పన్నెండేళ్ల తర్వాత అదే సంస్థ ఇంకో అడుగు వేసింది. 2023లో లెక్కను ఒక్కొక్కటి తగ్గించి మామూలు పందేల్లో 6, జంప్ పందేల్లో 7 చేసింది. అంతకంటే ముఖ్యమైన మార్పులు రెండు. పరిమితి కంటే నాలుగు లేదా అంతకు మించి ఎక్కువ కొడితే గుర్రాన్నే డిస్‌క్వాలిఫై చేస్తారు. ఆ నిర్ణయం రేసు రోజు మైదానంలో ఉండే స్టివార్డులది కాదు, తర్వాత తీరిగ్గా వీడియో చూసే ప్రత్యేక కమిటీది. మొదటి మార్పు లాభాన్ని తాకింది. రెండోది నిర్ణయాన్ని గుంపు కేకల నుంచి, యజమానుల కోపం నుంచి దూరంగా జరిపింది. అమెరికాలో 2022 జులై నుంచి థరోబ్రెడ్ గుర్రాల దౌడు పందేలకు అమలైన జాతీయ నియమం కూడా ఈ దారిలోదే. అక్కడ ఆరు దెబ్బల పరిమితి ఉంది, నాలుగు ఎక్కువైతే గుర్రం ప్రైజ్ మనీ పోతుంది. అయితే ఆ నియమం పరిధిలోకి హార్నెస్ గుర్రాలు వాటంతటవి రావు. రాష్ట్రమో, ఆ జాతి గుర్రాల నిర్వహణ సంస్థో కోరుకుంటేనే వస్తాయి. కాబట్టి అమెరికాలో హార్నెస్ డ్రైవర్ ఇవాళ ఒక రాష్ట్రంలో, రేపు పక్క రాష్ట్రంలో తోలుతూ రెండు చోట్లా రెండు రకాల నియమాలు పాటించాలి. అలవాటు చేతిలో ఉంటుంది, చేయి రాష్ట్రం సరిహద్దు దాటగానే మారదు.

లెక్క పద్ధతిని యథాతథంగా హార్నెస్‌లోకి తెస్తే సరిపోతుందా? సరిపోదనే నా అభిప్రాయం. జాకీ కొరడా పొట్టిది, అతడు గుర్రం మీద పైకెత్తుగా ఉంటాడు, దెబ్బ తగిలిందా లేదా అన్నది కెమెరాకు కొంతవరకైనా కనపడుతుంది. హార్నెస్ డ్రైవర్ కొరడా పొడుగైనది, అతడు కింద, వెనుక, బండి కడ్డీల మధ్య ఉంటాడు. దెబ్బ గుర్రం పిర్రకు తగలవచ్చు, జీను పట్టీకి తగలవచ్చు, బండి కడ్డీకి తగలవచ్చు, చక్రం మీది ప్లాస్టిక్ బిళ్లకు తగిలి చప్పుడు మాత్రమే కావచ్చు. చప్పుడుతో అదిలించడం ఈ వృత్తిలో పాత విద్యే. కడ్డీల కింది నుంచి కొరడాను పోనిచ్చి కాళ్ల మధ్య కొట్టడమూ కొత్త కాదు. అమెరికా నియమాలు దాన్ని విడిగా పేరుపెట్టి నిషేధించాల్సి వచ్చింది. పక్క నుంచి తీసిన వీడియోలో ఇవన్నీ ఒకేలా కనపడతాయి. దేన్ని దెబ్బగా లెక్కించాలి? తగిలినదాన్నే అంటే తగల్లేదని వాదిస్తారు. చేయి ఊపిన ప్రతిసారీ అంటే చక్రాన్ని తాకించి గుర్రానికి నొప్పి లేకుండా తోలినవాడిని, గుర్రాన్ని చీరేసినవాడిని ఒకే గాటన కట్టినట్టవుతుంది.

అందుకే హార్నెస్‌లో లెక్క కంటే భంగిమ మేలు. ఒక్కో చేతిలో ఒక్కో పగ్గం ఉండాలి అన్నది చూడగానే తేలిపోయే విషయం. రెండు పగ్గాలూ ఒకే చేతిలోకి వచ్చి, ఖాళీ అయిన చేయి కొరడాతో తలకంటే పైకి లేస్తే దాన్ని అతి అనాలా వద్దా అని ఎవరూ తర్జనభర్జన పడక్కర్లేదు. ఒక చేతిలో పగ్గం బిగిసి ఉన్నప్పుడు ఆ చేత్తో బలంగా కొట్టడం శరీర నిర్మాణం రీత్యానే కష్టం, కొడితే గుర్రం నోట్లోని కళ్లెం లాగబడి నడక తప్పుతుంది. నియమమూ ఆట స్వభావమూ ఒకే దిక్కున పనిచేసే అరుదైన చోటు ఇది. ఉత్తర అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఈ మార్పుకే ముందు మొగ్గారంటే అది కరుణ ఒక్కటే కాదు, అది అమలు చేయగలిగినది కూడా. దీని లోపం దీనికీ ఉంది. పగ్గం వదలకుండానే మణికట్టుతో పదేపదే తట్టడాన్ని ఇది ఆపదు, ఆ తట్టడం ఎడతెగకుండా సాగితే మళ్లీ విశేషణాల దగ్గరికే వెళ్లాలి. కానీ ఘోరమైన దెబ్బను మామూలు తట్టు నుంచి వేరుచేసే గీత ఇదొక్కటే స్పష్టంగా గీస్తుంది.

ఇక లాభం సంగతి. నియమం తప్పేది ఎక్కువగా ఎవరు? న్యూసౌత్‌వేల్స్ థరోబ్రెడ్ పందేల్లో 2013 నుంచి 2016 వరకు నమోదైన కొరడా ఉల్లంఘనలను పరిశీలించి 2017లో వెలువడిన ఒక అధ్యయనం, అవి మొదటి మూడు స్థానాల్లో వచ్చిన గుర్రాల విషయంలోనే ఎక్కువగా ఉన్నాయని చూపింది. ఆశ్చర్యమేమీ లేదు. ఓడిపోయే గుర్రాన్ని కొట్టి హద్దు మీరితే దక్కేది జరిమానా మాత్రమే, గెలిచే గుర్రాన్ని కొట్టి హద్దు మీరితే దక్కేది ప్రైజ్ మనీలో వాటా, తర్వాతి వారానికి మరో మంచి గుర్రం, యజమాని మెప్పు. జరిమానా డ్రైవర్ జేబులోంచి పోతుంది. ప్రైజ్ మనీ యజమాని, ట్రైనర్, డ్రైవర్ పంచుకుంటారు. యజమాని డ్రైవర్ జరిమానాను చాటుగా భరించినా ఎవరూ పట్టుకోలేరు. అంటే మెడ మీద కత్తి ఎవరికి పెట్టారో, ఆ పని ఎవరి కోసం జరుగుతుందో వాళ్లు వేరు. సస్పెన్షన్ కొంత నయం, ఎందుకంటే దాన్ని ఇంకొకరు భరించలేరు. కానీ ఐదు రోజులు కూర్చోవడం ఒక పెద్ద రేసు గెలుపుకు తగిన ఖరీదని అనిపించేవారికి అది అడ్డు కాదు, ఖర్చు. ఖర్చుగా మారిన శిక్ష నియమాన్ని కాపాడదు, దానికొక రేటు కడుతుంది.

గుర్రం స్థానాన్నే తీసేయాలన్న మాట వినగానే వచ్చే అభ్యంతరం న్యాయమైనదే. స్టాండులో కూర్చున్న యజమాని ఏం చేశాడు? నెలల తరబడి గుర్రాన్ని మేపి తయారుచేసిన ట్రైనర్ ఏం చేశాడు? దాని మీద డబ్బు పెట్టిన పంటర్ ఏం చేశాడు? డ్రైవర్ చేతి తప్పుకు వీళ్లందరూ ఎందుకు నష్టపోవాలి? ఈ ప్రశ్నకు జవాబు కోసం నీతిశాస్త్రం తిరగేయక్కర్లేదు, హార్నెస్ నియమావళిలోనే ఉంది. గుర్రం నడక తప్పి దౌడులో పడి ముందుకు వస్తే దాన్ని వెనక్కి నెడతారు, యూరప్‌లో చాలా చోట్ల ఏకంగా డిస్‌క్వాలిఫై చేస్తారు. డ్రైవర్ ఉద్దేశం ఎవరూ అడగరు, యజమాని నిర్దోషి కదా అని ఎవరూ జాలిపడరు. పక్క గుర్రానికి అడ్డుపడినా అంతే. మందుల పరీక్షలో నిషిద్ధ పదార్థం తేలినా అంతే. నియమం తప్పి సంపాదించిన స్థానం స్థానం కాదన్నది ఈ ఆటకు పునాది సూత్రం, కొరడా ఒక్కదాన్నే ఆ సూత్రం నుంచి మినహాయించడానికి కారణం నాకు కనపడలేదు. మినహాయించడమంటే కొరడాతో తెచ్చిన అంగుళాలు దౌడుతో తెచ్చిన అంగుళాల కంటే పవిత్రమైనవని ఒప్పుకోవడమే. పైగా యజమాని పోగొట్టుకునేది ఉన్నప్పుడే డ్రైవర్‌ను ఎంచుకునే ముందు అతడి చేయి ఎలాంటిదో విచారిస్తాడు. పంటర్ విషయంలో బ్రిటన్ పద్ధతి ఒక పరిష్కారం చూపిస్తోంది. రేసు రోజు ప్రకటించిన ఫలితం మీద పందెం డబ్బు చెల్లిస్తారు, కమిటీ తర్వాత తీసే స్థానం ప్రైజ్ మనీకి, రికార్డుకు వర్తిస్తుంది. రెండో స్థానంలో వచ్చిన గుర్రం మీద పందెం కాసినవారికి ఇది అన్యాయమే. ఆ అన్యాయం ఇప్పుడూ ఉంది, ఇప్పుడైతే రెండో గుర్రం యజమానికి కూడా అదనంగా ఏమీ దక్కడం లేదు.

స్టివార్డును ఇరకాటంలో పెట్టే ఇంకో విషయం ఉంది, బయటివారు దీన్ని పెద్దగా పట్టించుకోరు. గుర్రానికి గెలిచే పూర్తి అవకాశం ఇచ్చేందుకు డ్రైవర్ అనుమతి ఉన్న చర్యలన్నీ తీసుకోవాలని హార్నెస్ నియమాలు నిర్బంధిస్తాయి. పందెం ఆటలో ఇది తప్పదు, లేకపోతే కావాలని ఓడిపోయేవారిని పట్టుకోలేరు. కొరడా చట్టబద్ధమైన సాధనంగా ఉన్నంత కాలం, దాన్ని వాడకుండా కొద్ది తేడాతో ఓడిన డ్రైవర్‌ను గుంపు దొంగగా చూస్తుంది, అప్పుడప్పుడు స్టివార్డు గదిలో ప్రశ్నలూ ఎదురవుతాయి. అంటే చేయి ఊపడం గుర్రం కోసం కంటే స్టాండు కోసం ఎక్కువగా జరుగుతుంది, తాను నిజాయితీగానే తోలానని చూపించే అభినయంగా. ఒకే డ్రైవర్‌ను ఒక సాయంత్రం ఎక్కువ కొట్టావని, మరో సాయంత్రం తక్కువ ప్రయత్నించావని పిలిచే నియమావళి అతడికి ఏ వైపు మొగ్గమని చెబుతున్నట్టు? నిర్వహణ సంస్థలకూ ఇదే ఇబ్బంది. వాటి ఆదాయం పందెం సొమ్ములో వాటా. ఆస్ట్రేలియాలో హార్నెస్ రేసింగ్ ఆస్ట్రేలియా అనే సంస్థ 2016 డిసెంబరులో ఒక ధైర్యం చేసింది, 2017 సెప్టెంబరు నుంచి కొరడా పూర్తిగా ఎత్తేస్తామని ప్రకటించింది. డ్రైవర్లు, ట్రైనర్లు గట్టిగా వ్యతిరేకించారు. నిషేధం అమలుకు రాలేదు, బదులుగా చేయి కదలికను ఇంకా బిగించే నియమాలు వచ్చాయి. వెనక్కి తగ్గడానికి చెప్పిన ప్రధాన కారణం భద్రత.

భద్రత వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఐదారు వందల కిలోల జంతువు పక్కకు లాగితే దాన్ని సరిచేసేందుకు చేతిలో ఏదో ఒకటి ఉండాలని డ్రైవర్ కోరుకోవడం సహజం, ప్రమాదం జరిగితే చక్రాల మధ్య పడేది అతడే. 2021 జులైలో న్యూజెర్సీ మన్‌మత్ పార్కులో, కొరడాను భద్రతకు తప్ప వాడకూడదన్న కొత్త నియమం కింద జరిగిన హాస్కెల్ స్టేక్స్‌లో మొదట వచ్చిన హాట్ రాడ్ చార్లీ పక్కకు ఒరిగి అడ్డుపడడంతో మిడ్‌నైట్ బర్బన్ తూలింది, దాని జాకీ కింద పడ్డాడు. హాట్ రాడ్ చార్లీని డిస్‌క్వాలిఫై చేశారు. కొరడా ఉంటే ఇలా అయ్యేది కాదని చాలామంది అన్నారు. ఒక్క సంఘటనతో ఇటూ తేలదు, అటూ తేలదు. కొరడాలున్న పందేల్లోనూ గుర్రాలు ఒరుగుతాయి, దెబ్బ నుంచి తప్పించుకోవడానికే ఒరిగేవీ ఉంటాయి. పోలిక కావాలంటే బ్రిటన్‌లో కొత్త జాకీల కోసం కొరడా ప్రయోగం లేకుండా నడిపే పందేలున్నాయి. వాటినీ కొరడా అనుమతించిన అలాంటి పందేలనూ కలిపి 126 పందేల స్టివార్డు నివేదికలను పరిశీలించిన 2020 నాటి అధ్యయనంలో గుర్రాన్ని అదుపులో ఉంచడంలో, భద్రతలో, ముగింపు సమయంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. నార్వేలో గుర్రాన్ని అదిలించడానికి కొరడా వాడడం దౌడు పందేల్లో 1980లలోనే ఆగిపోయింది, 2009 నుంచి కొన్ని మినహాయింపులు తప్ప వెంట తీసుకెళ్లడం కూడా లేదు. అక్కడి ట్రాటింగ్ డ్రైవర్లూ కొరడా లేకుండానే తోలుతారు. స్వీడన్ నుంచి వచ్చిన డ్రైవర్లు ఓస్లోలో అలాగే తోలి, తిరిగి సోల్వాలాకు వెళ్లి అక్కడి పద్ధతిలో తోలుతారు. ఒకే డ్రైవరు కొన్ని రోజుల తేడాతో రెండు విధాలుగానూ తోలగలుగుతున్నప్పుడు, కొరడా లేనిదే గుర్రం నడవదన్న మాట నిలవదు. హార్నెస్‌లో ఇంకో సంగతి కూడా ఉంది. దిశ మార్చేది కొరడా కాదు, రెండు పగ్గాలు. ఒక పగ్గం వదిలి కొరడా ఎత్తిన క్షణంలోనే గుర్రం మీద అదుపు తగ్గుతుంది.

కొరడా గుర్రానికి నొప్పి కలిగించదన్న వాదం మాత్రం రోజురోజుకు బలహీనపడుతోంది. గుర్రం పిర్ర మీది చర్మాన్ని, మనిషి చర్మాన్ని సూక్ష్మదర్శిని కింద పోల్చి 2020లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధన, పై పొరలో నొప్పిని గుర్తించే నరాల అంచుల విషయంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదని చూపింది. వేగం పెరుగుతుందన్న వాదానికీ పెద్ద ఆధారం దొరకలేదు. 2011లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం గుర్రాలు ఎక్కువ వేగంతో ఉన్నది కొరడా వాడని దశలోనే, దెబ్బలు ఎక్కువగా పడింది చివరి 400 మీటర్లలో అవి అలసిన తర్వాత. ఇవి దౌడు గుర్రాల మీది పరిశోధనలు, 2011 దాంట్లో పరిశీలించినవి ఐదు పందేలే. ట్రాటర్లకు, పేసర్లకు వాటిని అక్షరాలా వర్తింపజేయడం తొందరపాటు. అయినా రుజువు చేయాల్సిన భారం ఇప్పుడు కొరడా వాడేవారి మీదికి మారింది. అందరూ మానేస్తే ఎవరికీ నష్టం లేదు, ఒక్కరే మానేస్తే ఆ ఒక్కరే నష్టపోతారు. డ్రైవర్లలో చాలామంది కొరడా మీద ప్రేమతో దాన్ని పట్టుకోవడం లేదని, పక్కవాడి చేతిలో ఉంది కాబట్టి పట్టుకున్నారని నేననుకుంటాను. ఇలాంటి చోట నియమం డ్రైవర్‌కు అడ్డు కాదు, రక్ష.

కొరడా తీసేస్తే వేరేది వస్తుందన్న హెచ్చరికలో మాత్రం పస ఉంది. డ్రైవర్ కాళ్లు గుర్రం వెనుక కాళ్లకు అందుబాటులోనే ఉంటాయి. కాలితో తన్నడం వృత్తిలో ఎప్పటినుంచో ఉన్న దురలవాటు, దానికి విడిగా శిక్షలున్నాయి. పగ్గాలతో చర్నాకోలలా కొట్టవచ్చు. చివరి మలుపులో చెవిలోని ప్లగ్గులు లాగేసి ఒక్కసారిగా గుంపు అరుపులు వినిపించేలా చేయడం చాలా చోట్ల చట్టబద్ధమే. కొరడా లేని చోట ఇవి పెరగవచ్చు. కానీ వీటిలో ఏదీ కొరడా ఉన్నంత కాలం ఆగిపోయింది కాదు, అవి కొరడాతో పాటే ఉన్నాయి. కాలు బండి కడ్డీ మీది నుంచి కదిలిందా లేదా అన్నది కూడా, చేతిలో పగ్గం ఉందా లేదా అన్నదానిలాగే, కెమెరాకు తేలిగ్గా అందే విషయం. గుర్తించడం కష్టమైన ఒక హింసను తీసేసి గుర్తించడం తేలికైనవాటి మీద దృష్టి పెట్టడం అమలు చేసేవాడికి నష్టం కాదు.

మన దగ్గర హార్నెస్ రేసులు లేకపోయినా ఇదే సమస్య వేరే రూపంలో ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం జంతువును కొట్టడాన్ని నేరంగా చెబుతుంది, మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీల్లో నిర్ణీత సమయంలో ఎంత దూరం లాగాయన్నదే లెక్క, బహుమతి దాని మీదే. గిత్తల పక్కన చర్నాకోలతో పరుగెత్తే మనిషికి ఆ 50 రూపాయల భయం ఏపాటిదో చెప్పక్కర్లేదు. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్ల పందేలను ఆపింది. 2023లో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం వాటిని అనుమతించేందుకు తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ఆ 1960 చట్టానికి చేసుకున్న సవరణలను సమర్థించింది. చర్చంతా సంప్రదాయమా క్రూరత్వమా అన్నదాని మీద నడిచింది. కొట్టి లాగించిన దూరాన్ని కొలతలోంచి తీసేయవచ్చా అన్న చిన్న ప్రశ్న దాంట్లో ఎవరికీ పట్టలేదు. కోర్టు తీర్పు కంటే పోటీ నిర్వాహకుడి చేతిలోని టేపు అక్కడ బలమైనది.

హార్నెస్ రేసింగ్‌కు తిరిగి వస్తే, చేయాల్సిన పనిలో ఎక్కువ భాగం కొత్త నియమాలు రాయడం కాదు. పూర్తి నిషేధానికి సిద్ధంగా లేని దేశాలు కనీసం విశేషణాలను పక్కనపెట్టి పగ్గాల నియమాన్ని గట్టిగా పట్టుకోవచ్చు, పగ్గం వదిలి కొరడా ఎత్తిన గుర్రానికి స్థానం లేదని చెప్పవచ్చు, ఆ నిర్ణయాన్ని మైదానం బయట కూర్చున్నవారికి అప్పగించవచ్చు. పూర్తి ప్రయత్నం నియమంలో కొరడా వాడకపోవడం ఎన్నడూ నేరంగా పరిగణించబోమని ఒక వాక్యం చేర్చడానికి ఖర్చేమీ కాదు. ఇంకొకటి నివేదికలు. న్యూసౌత్‌వేల్స్‌లో ఉల్లంఘనలు ఏ గుర్రాల విషయంలో ఎక్కువో తెలిసింది అక్కడి స్టివార్డు నివేదికలు బహిరంగంగా ఉన్నందువల్లే, బ్రిటన్ 126 పందేల పోలిక సాధ్యమైంది కూడా అందుకే. ఏ రేసులో, ఏ స్థానంలో వచ్చిన గుర్రాన్ని, ఎవరు తోలుతూ, ఏ రకంగా నియమం తప్పారు, ఏ శిక్ష పడింది, అప్పీలులో ఎంత తగ్గింది అన్నవి అన్ని రాష్ట్రాలూ ఒకే నమూనాలో ప్రకటిస్తే, పెద్ద రేసుల్లో శిక్షలు తేలికవుతున్నాయో లేదో ఏడాది తిరిగేసరికి ఎవరైనా లెక్కగట్టి చూసుకోవచ్చు. ఆ లెక్క బయటపడడం ఇష్టం లేనివారు ఎవరన్నది కూడా అప్పుడే తెలుస్తుంది.